ఆపోర్ట్ తొక్క మీద పేరు

తల్గార్ ఆపిల్ తోటల్లో ఆగస్టు వచ్చిందంటే బల్జాన్ చేతిలో కత్తెర ఉండాల్సిందే. కాగితాన్ని అక్షరాలుగా కత్తిరించి, పచ్చి ఆపోర్ట్ రకం ఆపిళ్ల మీద జిగురుతో అంటిస్తుంది. ఎండకి కాయంతా ఎర్రబడుతుంది, కాగితం కింద పేరు తెల్లగా మిగిలిపోతుంది. అరకిలో కాయ, ఇల్లంతా వాసన. పెళ్లిళ్లకి అవే పంచుతారు.

చిక్కల్లా ఒకటే. కాగితం అబద్ధమాడితే కాయ దిద్దేస్తుంది. ట్రాక్టర్ నడిపే కైరత్ తన పెళ్లాం పేరు అంటించమంటే పాలకేంద్రం పిల్ల పేరు తేలింది. కాయని తిట్టి ఏం లాభమని వాడి పెళ్లామే అంది.

ఆపోర్ట్ కొమ్మని కొండ మీది అడవి ఆపిల్ మొక్కకే అంటుకట్టాలి. తోటలో మొలిచిన మొక్కకి కడితే కాయ గిడసబారుతుంది. తొమ్మిదేళ్ల కిందట వేసిన వరసలో కాయలు పిడికిలంత కూడా రాలేదు. తప్పు అంటుకట్టిన దోసాన్‌దని తేల్చి, మూడేళ్ల కిందట అతన్ని గుర్రాల కొట్టానికి తోసేశారు. ఈ ఏడు కొత్త పనివాళ్లకి బుద్ధి రావాలని, ఆ వరసని పాడుచేసిందెవరో తెలిసేలా దాని కాయ మీద 'దోసాన్' అని అంటించమన్నాడు తోట పెద్ద.

అంటు కట్టింది దోసానే. మొక్కలు తెచ్చింది బల్జాన్. కొండెక్కడానికి బద్ధకించి, తోట వెనక మొలిచినవే పీకిచ్చి, అడవివేనని ఒట్టేసింది. విచారణలో నోరు విప్పలేదు. దోసానూ ఆమె పేరెత్తలేదు. అదే ఆమెని లోలోపల తినేస్తోంది.

అయినా అంటించింది. తను చెప్పలేనిది కాయే చెబుతుందనుకుంది.

సెప్టెంబరులో అందరి ముందూ తోట పెద్ద ఆ కాయని దోసాన్ చేతికే ఇచ్చాడు. దోసాన్ గోటితో కాగితం ఒలిచి చూశాడు. బల్జాన్ వైపు చూడలేదు. అక్షరాలున్నంత మేరా కొరికి నమిలేశాడు.

"ఏమని ఉందోయ్?" అన్నాడు తోట పెద్ద.

"నా పేరే లెండి. చప్పగా ఉంది."

అందరూ నవ్వారు. కాయ తనని గట్టెక్కిస్తుందనుకుంటే, ఆ బరువూ దోసాన్ నెత్తినే పడింది. బల్జాన్‌కి తన మీద తనకే అసహ్యమేసింది.

"అన్నా, నువ్వు మింగింది నా పేరు," అంది. "ఆ మొక్కలు కొండవి కావు. ఇక్కడివే పీకాను."

నవ్వులు ఆగిపోయాయి. తోట పెద్ద దోసాన్‌ని మళ్లీ అంట్ల పనికి రమ్మని, గుర్రాల కొట్టానికి ఇంకో మనిషిని చూడమన్నాడు.

"మొదటి కాపులోనే తెలిసింది చెల్లీ," అన్నాడు దోసాన్. మిగిలిన కాయ ఆమె చేతిలో పెట్టాడు. "తిను. ఎలా ఉందో నువ్వూ చూడు."

అంత చప్పటి కాయ ఆమె ఎన్నడూ తినలేదు. గింజలతో సహా తినేసింది.