నిన్నటి ధర

ఆ కంపెనీలో అతన్ని అందరూ మాస్టారనే పిలిచేవారు. షేర్ మార్కెట్ ఎంత ఎగిరి ఎంత పడుతుందో లెక్కగట్టి, ఆ కుదుపుల మీద రాసే ఒప్పందాలకు రేటు కట్టడం అతని పని. కుదుపు పెద్దదైతే కొన్నవాళ్లకు కంపెనీయే డబ్బు కట్టాలి, బీమా లాగా. ఆ రేటు మీద సంతకం పెట్టి అమ్మేది అతని బావ, అక్క మొగుడు. ఉద్యోగం ఇప్పించిందీ బావే. "మావాడి లెక్క మళ్లీ చూడటమేంటండీ, టైం దండగ" అని నవ్వేసి, చూడకుండానే సంతకం గీకేసేవాడు.

సోమవారం పొద్దున మాస్టారు తన లెక్కలో ఒక తప్పు పట్టుకున్నాడు. పాత ధరల పట్టికలో వరసగా నాలుగు రోజులు ఒకటే అంకె. అప్పట్లో జనం బెంబేలెత్తి అమ్ముకుంటుంటే మార్కెట్‌నే మూసేశారు. ధర లేని రోజుకు నిన్నటి ధర వేసుకోమని ప్రోగ్రాంలో రాసింది తనే. మళ్లీ తెరిచిన రోజు తగిలిన పెద్ద దెబ్బను, అది టైపు పొరపాటనుకుని ప్రోగ్రాం పక్కన పడేసింది. ఆ జల్లెడ పెట్టిందీ తనే. అన్నిటికంటే ఘోరమైన రోజులు ప్రశాంతంగా గడిచినట్టు లెక్కలోకెక్కాయి. రెండు నెలలుగా బావ ఆ కారుచౌక రేటుకే అమ్ముతున్నాడు.

చెబితే బావ ఎంతో కొంత నష్టానికి ఆ ఒప్పందాలను వదిలించుకుంటాడు. తన ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే శుక్రవారంతో వాటి గడువు తీరిపోతుంది, ఎవరికీ తెలియదు. శుక్రవారం దాకా ఏమీ జరక్కుండా ఉండే అవకాశమెంతో కూడా లెక్కేసుకున్నాడు మహానుభావుడు. అదే ప్రోగ్రాంతో.

"ఏరా, మొహం అలా పీక్కుపోయిందేంటి?" అన్నాడు బావ టీ అందిస్తూ.

"నిద్ర లేదు బావా."

బుధవారం మార్కెట్ కుప్పకూలింది. గురువారం అసలు తెరవనేలేదు. బావను మేనేజరు గదిలోకి పిలిచారు. గంట తర్వాత ఆయన తన సామాన్ల అట్టపెట్టెతో వచ్చి నిలబడ్డాడు.

"నీ లెక్కని నేనే మార్చానని చెప్పాన్రా. ఇద్దరం రోడ్డున పడితే మీ అక్కా పిల్లలూ ఏమైపోతారు? దానికి మాత్రం చెప్పకు. అయినా ఇలా అవుతుందని నీకు మాత్రం ఏం తెలుసు?"

సోమవారమే తెలుసు బావా, అనాలి. "పెట్టె నేను పట్టుకుంటా బావా" అన్నాడు మాస్టారు. తన మీద తనకే అసహ్యం వేసింది. బావ భుజం తట్టి లిఫ్టు వైపు వెళ్లిపోయాడు.

ఎదురుగా తెర మీద ప్రోగ్రాం ఆ రోజు పని ముగించింది. ధర రాలేదు కనుక నిన్నటి ధర వేసుకుంది. ఈరోజు కుదుపు: సున్నా.