మాంసం దించాక

పెద్దకోడలు పోయాక ఆ ఇంట్లో మగవాళ్ళు తలుచుకున్నది ఆమెను కాదు, ఆమె ఓవెన్‌లో కాల్చిన మాంసాన్ని.

ప్రతి ఆదివారం భోజనాల బల్ల దగ్గర అదే పాట. "ఎండిపోయిందమ్మాయ్. పీచుపీచుగా ఉంది. మీ అక్క చేస్తే కత్తి పెట్టగానే రసం ఊరేది" అనేవాడు బావగారు చిన్నకోడలితో. ఆయనది కరెంటు పని. ఎవరో పారేస్తామన్న ఓవెన్‌ని ఇంటికి తెచ్చి, తీగలు మార్చి, బతికించింది తనేనని చెప్పుకోని రోజు లేదు. "ఇందులో వంటేముంది, మీట నొక్కితే అదే చేసుకుపోతుంది" అని పెళ్ళాం ఉన్నన్నాళ్ళూ అన్నదీ ఆయనే. చిన్నకోడలి మొగుడు తలెత్తకుండా నములుతూ, "అన్నయ్య చెప్పేది విను. నేర్చుకుంటే తప్పేముంది?" అనేవాడు.

నేర్చుకోకపోవడమేమిటి! చెయ్యి పట్టుకుని నేర్పింది అక్క. మేక తొడని ముందే ఫ్రిజ్‌లోంచి తీసి చలి వదలనివ్వాలి. చుక్క తడి లేకుండా బట్టతో అద్దాలి. తడి ఉంటే వేగదు, ఉడుకుతుంది. గాట్లు పెట్టి వెల్లుల్లి దూర్చాలి, ఉప్పూ మిరియాలూ రుద్దాలి. ముందు పెద్ద వేడి, పైన రంగు తిరిగాక తగ్గించాలి. మాటిమాటికీ తలుపు తీయకూడదు. "అత్తగారిలా తొంగిచూడకే, దాని పని దాన్ని చేసుకోనీ" అనేది అక్క. ఎముక పక్కన పుల్ల గుచ్చి, రసం తేటగా వస్తే దించాలి. అసలు సంగతి ఆ తర్వాతే ఉంది. దించగానే కోయకూడదు. ఫాయిల్ కప్పి వదిలేయాలి. లోపల ఉరకలేస్తున్న రసం తిరిగి కండలో సర్దుకునేదాకా కత్తి ముట్టకూడదు.

ఆ కాసేపూ వాళ్ళిద్దరిది. వంటగది తలుపు దగ్గరగా వేసి, ఓవెన్ ఖాళీ అయిందని కనబడకుండా దాని అద్దానికి తువ్వాలు అడ్డం వేలాడదీసి, నేలమీద చతికిలబడేవాళ్ళు. చిన్నకోడలు బట్టల కొట్టులో రోజంతా నిలబడే మనిషి; అమ్మే ఆడవాళ్ళు కూర్చుంటే యజమాని కళ్ళెర్రజేసేవాడు. అక్కని ఏ యజమానీ నిలబెట్టలేదు, అయినా ఇంట్లో ఆమె కూర్చోగా చూసినవాళ్ళు లేరు. వాచిన పాదాలు తోడికోడలి ఒళ్ళో పెట్టి, "నాకు ఒక్క కుర్చీ ఉన్న ఇల్లు కావాలే. అందులో నేను కూర్చుంటా. ఎవరొచ్చినా నిలబడి చెప్పాల్సింది చెప్పి పోవాలి" అనేది. ముందుగదిలోంచి బావగారు "ఇంకా అవలేదా?" అని కేకేసేవాడు. "ఇంకా పచ్చిగానే ఉందండీ!" అని బదులిచ్చి, నోట్లో కొంగు కుక్కుకుని నవ్వేది. ఆ నవ్వుకి ఆమె ఒళ్ళంతా ఊగేది. వెల్లుల్లి వాసన, పాదాల వెచ్చదనం, తలుపవతల మగవాళ్ళ ఆకలి. అంత సుఖం చిన్నకోడలు మళ్ళీ ఎరగదు.

ఇప్పుడు మాంసం దించాక పక్కన ఖాళీ నేల. ఆ కాసేపూ అక్కడ ఒక్కతీ కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. దించింది దించినట్టే కోసేసేది. రసమంతా చెక్క మీదకి కారిపోయేది.

ఆ ఆదివారం బావగారు ముక్క నమిలి నమిలి పళ్ళెం అంచున పెట్టాడు. "ఆవిడ ఆ కిటుకేదో నీకు చెప్పకుండానే పోయింది."

"చెప్పింది బావగారూ. దించాక కాసేపు కోయకూడదు, అంతే."

"తెలిసీ కోస్తున్నావా? మా మీద కక్షా?"

"ఒక్కదాన్నే అక్కడ కూర్చోలేక."

ఆయనకి అర్థం కాలేదు. ఆమె చెప్పింది. తువ్వాలు సంగతి, నేలమీద కూర్చోవడం, పాదాలు. "మీరు కేకేసినప్పుడు మాంసం ఎప్పుడో దిగి ఉండేది. వారమంతటికీ అక్క కూర్చునేది ఆ కాసేపే."

"ఏమిటే ఆ వాగుడు, పెద్దాయనతో!" అన్నాడు మొగుడు.

బావగారు చెయ్యెత్తి తమ్ముణ్ణి ఆపాడు. "ఏం మాట్లాడుకునేవారు? నా గురించేనా?" అన్నాడు. నా మీద చాడీలేగా అన్నట్టు ఉంది గొంతు. దానికి ఆయన సిద్ధంగానే ఉన్నాడు.

"లేదు బావగారూ. ఆ కాసేపట్లో మీ ఊసే వచ్చేది కాదు."

మళ్ళీ ఆదివారం ఆమె తొడ దించి, ఫాయిల్ కప్పి, ముందుగదిలోకి వచ్చింది. "ఇప్పుడు నేను కూర్చుంటాను. ఎవరూ పిలవకండి" అని చెప్పి, లోపలికెళ్ళి ఆ నేలమీదే కాళ్ళు చాపుకుంది. ఏడుపొచ్చింది, ఏడ్చింది. కానీ లేవలేదు. అవతల మొగుడు రెండుసార్లు దగ్గాడు. బావగారు కిక్కురుమనలేదు.

కోస్తే ముక్క మెత్తగా విచ్చుకుంది. రసం కండలోనే నిలిచి మెరిసింది. "ఇదీ! అచ్చం వదిన చేసినట్టే ఉంది, కదన్నయ్యా?" అన్నాడు మొగుడు సంబరంగా.

బావగారు నోట్లో ముక్క కదపకుండా అలాగే ఉండిపోయాడు. తర్వాత మింగాడు. పళ్ళెం ముందుకు తోశాడు.

"ఎప్పుడు వడ్డిస్తే అప్పుడే తింటాను. ఆవిడ చేసినట్టుందా అని మాత్రం నన్నింకెప్పుడూ అడక్కండి" అన్నాడు.