చేయని సంతకం

గడ్డానికి నురుగు పూయించుకుని కూర్చున్న బస్సు కండక్టరు వినేలా రికవరీ ఏజెంటు ఆ మాట అన్నాడు.

"అప్పు ఎగ్గొట్టినోడి కత్తి కింద మెడ పెట్టారా సార్? మీ ధైర్యమే ధైర్యం!"

బెంచీ మీద వేచి ఉన్నవాళ్ళు నవ్వాలో వద్దో తెలియక పేపర్లలో తల దూర్చారు. వీధివీధంతా "మావయ్యా" అని పిలిచే ఆ సెలూన్ యజమాని చేయి ఆపాడు. కత్తి పక్కన పెట్టి, "బండి కొన్నది మా బావమరిది బాబూ. వాడినే అడుగు" అన్నాడు.

"వాడు దొరకట్లేదు, నువ్వు దొరికావు. హామీ ఉన్నది నువ్వేగా!" అంటూ ఏజెంటు ఖాళీ కుర్చీలో కూలబడి, అద్దం కింది బల్ల మీదికి కాళ్ళు చాపాడు.

నిజానికి మావయ్య ఎవరికీ హామీ ఉండలేదు. బావమరిది వాయిదాల మీద బండి తీసుకునేటప్పుడు, ఫైనాన్స్ కంపెనీవాళ్ళు "తెలిసినవాళ్ళ నంబరు ఒకటి ఇవ్వు" అంటే బావ నంబరు ఇచ్చాడు. అంతే సంగతి. తర్వాత ఆ బండి మీదనుంచే పడి కాలు విరగ్గొట్టుకుని, పని పోగొట్టుకుని, ఫోను ఆపేసి ఎక్కడో తలదాచుకున్నాడు. ఏజెంటు మావయ్య మీద పడ్డాడు. వాడి పీడ వదిలితే చాలనుకుని మావయ్య గల్లాపెట్టెలోంచి రెండు వాయిదాలు కట్టాడు. రుచి మరిగిన పిల్లి ఊరుకుంటుందా? రాకపోకలు ఇంకా ఎక్కువయ్యాయి. సెలూన్‌కి వచ్చేవాళ్ళే తగ్గారు.

దుకాణం బాగు చేయించుకుందామని బ్యాంకుకి వెళితే అక్కడ ఇంకో దెబ్బ. "ఏదో బండి అప్పుకి హామీ ఉండి బాకీ ఎగ్గొట్టినట్టు మీ పేరు మీద రికార్డు ఉందండీ. లోను రాదు" అన్నారు. ఒక్క రూపాయి కూడా అప్పు ఎరగని మనిషి, గుమ్మం దిగేటప్పుడు దొంగలా అటూ ఇటూ చూసుకున్నాడు.

ఆ మాట విన్న భార్య చేతిలో పని వదిలేసి లేచింది. "నా తమ్ముడి నిర్వాకానికి మీరు తల దించుకోవడం ఏమిటండీ? లేవండి, నడవండి" అని, వినియోగదారుల కేసులు చూసే లాయరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది.

మందుల షాపు పైన చిన్న గది. ఒకదానితో ఒకటి పొంతన లేని కుర్చీలు. లాయరమ్మ అంతా విని, "ఎక్కడైనా సంతకం పెట్టారా?" అని అడిగింది.

"లేదమ్మా."

"మరెందుకు కట్టారండీ?"

"పరువు పోతుందని..."

లాయరమ్మ మొహం ఎర్రబడింది. "అదేనండీ వీళ్ళ వ్యాపారం! అప్పు తీసుకున్నవాడి భయం, తీసుకోనివాడి పరువు, ఏది చేతికి దొరికితే అది పిండుకుంటారు. బోడిగుండుకీ మోకాలికీ ముడి వేశారు. మీరేమో దాన్ని బిగించి ఇచ్చారు."

మావయ్యకి నవ్వు రాలేదు. ఇన్నాళ్ళూ కడుపులో ఉడుకుతున్నది సిగ్గు అనుకున్నాడు. కోపమని అప్పుడు తెలిసింది.

లాయరమ్మ కంపెనీకి నోటీసు పంపింది. దానికి జవాబు రాలేదు కానీ ఏజెంటు వచ్చాడు, ఇంకాస్త గొంతు పెంచి. ఇక కేసు వేసింది. సాక్షి కావాలంటే బస్సు కండక్టరు ముందుకొచ్చాడు. "నురుగు ఎండిపోయేదాకా కూర్చుని విన్నానమ్మా. ఎక్కడికి రమ్మంటే అక్కడికొస్తా."

వినియోగదారుల కోర్టులో కంపెనీ తరఫు లాయరు చేతులు దులిపేసుకున్నాడు. "ఆ ఏజెంటుకీ మా కంపెనీకీ సంబంధం లేదండీ. వసూళ్ళు బయటి సంస్థకి అప్పగించాం."

"అలాగా? ఆ సంబంధం లేని మనిషి మా క్లయింటు దగ్గర తీసుకున్న డబ్బు ఎవరి ఖాతాలో పడింది?" అంది లాయరమ్మ.

ఆయన కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. జడ్జి కళ్ళజోడు తీసి, "చెప్పండి. డబ్బులు మీవీ, తిట్లు మాత్రం బయటివాళ్ళవీనా?" అన్నాడు.

మావయ్య ఉండబట్టలేక లేచాడు. "అయ్యా, నా షాపులో ఎవరి తల మీద చెయ్యి పెట్టాలన్నా ముందు ఒక మాట అడుగుతాను. వీళ్ళు ఒక్క మాటైనా అడక్కుండా నా మెడ పట్టుకున్నారు."

తీర్పు మావయ్య వైపే వచ్చింది. కట్టిన డబ్బు వడ్డీతో తిరిగివ్వాలి, పరువు తీసినందుకు నష్టపరిహారం ఇవ్వాలి, రికార్డులో పేరు తుడిచేయాలి. అప్పుడు చూడాలి, అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు! కంపెనీ మేనేజరు స్వయంగా సెలూన్‌కి వచ్చి, "ఏదో పొరపాటు జరిగిపోయింది పెద్దాయనా, సగంతో సర్దుకుందాం" అన్నాడు. మావయ్య గుమ్మం చూపించాడు. చివరికి లాయరమ్మ మళ్ళీ కోర్టుకెక్కితే గానీ కంపెనీ మొత్తం డబ్బు కక్కలేదు.

బ్యాంకులో లోను వచ్చింది. అవతలి సెలూన్‌కి వెళ్ళిపోయిన పాతవాళ్ళలో చాలామంది మాత్రం తిరిగి రాలేదు. ఆ నష్టం ఏ తీర్పూ పూడ్చలేదు. తలుచుకున్నప్పుడల్లా మావయ్యకి ఒళ్ళు మండుతూనే ఉంది.

ఒకరోజు బావమరిది కుంటుకుంటూ వచ్చి, అక్క వెనక నిలబడి ఏడ్చాడు.

"ఏడుపు ఆపరా" అన్నాడు మావయ్య. "లాయరమ్మ దగ్గరికి పోదాం పద. కంపెనీకి న్యాయంగా ఇవ్వాల్సింది మెల్లగానైనా ఇచ్చెయ్యి. అంతకు మించి పైసా ఇచ్చావంటే మాత్రం నా గడప తొక్కకు."