ముందుగా చూపించే గీత

పాత బల్లలు, బీరువాలు కొని బాగుచేసి అమ్మే ఆ వర్తకుడికి ఒక పద్ధతి ఉండేది. బేరానికొచ్చినవాళ్లు నోరు విప్పకముందే బల్ల మీదున్న గీతను తానే వేలు పెట్టి చూపించేవాడు. “ఇదిగో, ఇక్కడ గీసుకుపోయింది. తర్వాత చెప్పలేదనకండి.” అంతే, వచ్చినవాళ్లు మెత్తబడిపోయేవాళ్లు. ఇంత ఉన్నదున్నట్టు చెప్పే మనిషి ముందు బల్ల తిరగేసి చూడ్డం మర్యాద కాదనుకునేవాళ్లు. తిరగేస్తే కాలికి వేసిన అతుకు కనిపించేది.

డెబ్బయ్యో పడిలో కొట్టు వేరేవాళ్లకిచ్చేసి తన జీవితం తాను రాసుకోవడానికి కూర్చున్నప్పుడు కూడా ఆయన ఆ పద్ధతి విడిచిపెట్టలేదు. మామూలు చెక్కకు రంగేసి టేకని అమ్మిన సంగతి రాశాడు. కోపం పట్టలేక పనివాడి మీద రంగు డబ్బా విసిరిన సంగతి రాశాడు. బావమరిది పెళ్లికి అమ్ముడుపోని కుర్చీని అట్టపెట్టెలో పెట్టి బహుమతిగా ఇస్తే, పెళ్లికొడుకు అందులో కూర్చుని కిందపడ్డ సంగతి ఇంకా ఇష్టంగా రాశాడు.

ప్రెస్ యజమాని చదివి చేతులు జోడించేశాడు.

“ఏం ధైర్యమండీ మీది! అందరూ గొప్పలు రాయించుకుంటారు. మీరు మీ బట్టలు మీరే విప్పేసుకున్నారు.”

“అన్నీ విప్పలేదు లెండి. వయసు మీద పడింది, చలేస్తుంది.”

ఇద్దరూ నవ్వుకున్నారు. “మీ ఆవిడ పోయిన పేజీ దగ్గర మాత్రం మా కంపోజింగ్ అమ్మాయి కళ్లు తుడుచుకుంది” అన్నాడు ప్రెస్ ఆయన. “రేపే అచ్చుకెక్కిద్దాం.”

“మా అమ్మాయి చదవాలి. ఆమె సరేనంటేనే.”

నిజానికి ఆయన పుస్తకం రాసింది జనం కోసం కాదు. కూతురు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. ప్రతి ఆదివారం వస్తుంది. మాత్రలు డబ్బాలో సర్దుతుంది, గ్యాస్ ఉందో లేదో చూస్తుంది, గిన్నెలు కడిగి వెళ్లిపోతుంది. చిన్నపిల్లప్పుడు తల్లి పోయింది. అప్పట్నుంచీ తండ్రీకూతుళ్ల మధ్య మాటలు అవసరం దాటి నడవలేదు. తగువేమీ లేదు. తగువుంటే ఎవరో ఒకరు మధ్యన పడి తీర్చేవాళ్లు. పుస్తకం చదివితే ఆమె తనతో ఒక్క సొంత మాటైనా మాట్లాడుతుందని ఆయన ఆశ. పెట్టుబడి అంతా దాని మీదే పెట్టాడు.

ఆ ఆదివారం ఆమె హాల్లో కూర్చుని ప్రూఫు కాగితాలు చదువుతుంటే ఆయన వంటింట్లో టీ మరిగిస్తూ ఓ చెవి అటు వేశాడు. కుర్చీ కథ దగ్గర చిన్న నవ్వు వినిపించింది. తర్వాత చాలాసేపు కాగితం తిప్పిన చప్పుడు లేదు. ఏ పేజీయో ఆయనకు తెలుసు. ‘ఆమె పాదాల మీద పడి వెక్కివెక్కి ఏడ్చాను. రోజుల తరబడి మంచం దిగలేదు. రాతి గుండె మనిషినన్న పేరు ఆనాటితో పోయింది.’

టీ తీసుకెళ్లేసరికి ఆమె కాగితాలు దొంతి పెట్టేసింది.

“బాగుంది నాన్నా. అచ్చుకిచ్చెయ్.”

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టాడు. బాగుందనేసి గబగబా కొట్టు గడప దాటేవాళ్లను ఆయన చాలామందిని చూశాడు. వాళ్లెవరూ మళ్లీ రాలేదు.

“ఎక్కడ నచ్చలేదో చెప్పమ్మా.”

“నచ్చకపోవడమేం లేదు.” ఆమె సంచీ భుజానికి తగిలించుకుని ఆగింది. “ఆ రోజు నువ్వు ఏడ్చావా?”

“రాశాను కదా.”

“రాశావు.” చెప్పుల కోసం వెతుకుతూ అంది. “అయితే నేనొక్కదాన్నేనన్నమాట.”

“ఏమిటి నువ్వొక్కదానివి?”

“అత్త అందరి ముందూ అంది కదా, కన్నతల్లి పోతే కంట్లో తడి లేదు, ఇది పిల్లా బండరాయా అని. నువ్వు పక్కనే ఉన్నావు. ఏమీ అనలేదు. నాన్నకూ నాలాగే ఉందేమో, అందుకే నోరు రాలేదేమో అనుకున్నాను. ఇన్నేళ్లూ అలా అనుకునే సరిపెట్టుకున్నాను.” ఆమె గొంతులో కోపం లేదు, మందుల చీటీ చదివినట్టుంది. “పోనీలే. నువ్వైనా ఏడ్చావు.”

ఆయన లోపల ఏదో కదలాలి. కదల్లేదు. అలవాటు కొద్దీ లెక్క వేసుకున్నాడు. ఆ పేజీ తీసేస్తే ప్రెస్ ఆయన చేతులు జోడించడు, కంపోజింగ్ అమ్మాయి కళ్లు తుడుచుకోదు, పుస్తకానికి పట్టిన మెరుపంతా పోతుంది. ఉంచితే, ఈమె చెప్పులు తొడుక్కుని వెళ్లిపోతుంది. వచ్చే ఆదివారం మళ్లీ వస్తుంది. మాత్రలు సర్దుతుంది.

“కుర్చీలు” అన్నాడు.

“ఏం కుర్చీలు?”

“ఆ రోజు ఇంటి నిండా జనం. కూర్చోడానికి కుర్చీల్లేవు. కొట్లోంచి తెస్తానని నిన్ను వెంటబెట్టుకెళ్లాను.”

ఆమె చెప్పు వదిలేసింది. “తేలేదు.”

“తేలేదు. బీరువా కోసం ఒకావిడ వచ్చింది. సొరుగు బిగుసుకుపోతే సబ్బు రాశాను.”

“నువ్వు రాయలేదు. నేను రాశాను. నువ్వు సొరుగు పట్టుకున్నావు.”

“అవునా?”

“ఆవిడకి తలుపు మీద గీత కూడా చూపించావు. తర్వాత చెప్పలేదనకండి అన్నావు.”

“ఆ రోజు కూడానా!” ఆయన టీ గ్లాసు పక్కకి జరిపాడు. “నాకేమీ అనిపించలేదమ్మా. చీకటి పడేదాకా కొట్లోనే కూర్చున్నాను. ఇంటికెళ్తే ఏడవాలి కదా, ఎలా అని కూర్చున్నాను. ఇప్పటికీ ఏమీ అనిపించదు. అలాంటిది రాస్తే ఎవరు చదువుతారు?”

“నేను చదువుతాను” అంది.

ఆయన ప్రెస్‌కి ఫోను చేశాడు. “ఆ పేజీ ఆపండి.”

“అయ్యయ్యో, పుస్తకమంతటికీ అదే కదండీ!”

“పాలిష్ ఎక్కువైంది. గీకేసి మళ్లీ ఇస్తాను.”

పెట్టేసి కాగితం, కలం తీసుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు. కుర్చీలు తెస్తానని చెప్పి వెళ్లానని రాశాడు. తేలేదని రాశాడు. చదివి చూసుకుంటే ఆ వాక్యాలు ఎవరి మనసూ కరిగించేలా లేవు. ధర పలకని సరుకు.

“అత్త ఆ రోజంతా మెట్ల మీదే కూర్చుంది” అంది కూతురు. “నడుం పట్టేసింది. నామీద అరుపు అందుక్కూడా.”

“రాయనా?”

“రాయి.”

ఆమె సంచీ తీసి మేకుకు తగిలించి, ఇంకో కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుంది. ఎవరి కళ్లూ తడి కాలేదు. టీ చల్లారిపోయింది.

“ఆ సబ్బు ఏ రంగే?” అన్నాడు, తలెత్తకుండానే.

“ఆకుపచ్చది. సగం అరిగిపోయింది.”

ఆయన రాసుకున్నాడు.