ఎస్టిమేట్‌లో లేని తలుపు

మా ఆయన ఒక కాంట్రాక్టరు దగ్గర ఎస్టిమేట్లు వేస్తారు. ఏ ఇంటికి ఎన్ని ఇటుకలు, ఎన్ని బస్తాల సిమెంటు కావాలో కాగితం మీద వేసి ఇస్తే ఇక అటూ ఇటూ కాదు. అందుకే ఆఫీసులో అందరూ ఆయన్ని 'పక్కా' అంటారు. ఆ పేరు విన్నప్పుడల్లా మొహం చేటంత చేసుకుంటారు. మా సొంత ఇంటికి కూడా ఆయనే ఎస్టిమేట్ వేసుకున్నారు. చివరి పేజీలో "ఇంతకుమించి పైసా పెట్టేది లేదు" అని రాసి, కింద రెండు గీతలు గీశారు.

ఆ ఇంట్లో నాకో చిన్న గది ఉంది. నేను బట్టలు కుడతాను. అద్దె ఇంట్లో పన్నెండేళ్లు నా మిషను వంటింట్లోనే, పొయ్యికి రెండడుగుల దూరంలో ఉండేది. పోయినేడు ఒక బడికి యూనిఫాంలు కుట్టిచ్చాను. పిల్లల చొక్కాలు ఉల్లిపాయల వాసన వేస్తున్నాయని ప్రిన్సిపాల్ మేడమ్ నా మొహం మీదే అన్నారు. తల కొట్టేసినట్టయింది. "కొత్త ఇంట్లో విడిగా గది ఉంటుందండీ" అన్నాను. "అయితే గది చూశాకే ఈ ఏడాది సంగతి చెప్తాను" అన్నారావిడ. మూడు వందల జతల పని. అది రాకపోతే ఏడాదంతా పాత జిప్పులు మార్చుకుంటూ, పంట్లాముల అంచులు మడిచి కుట్టుకుంటూ కూర్చోవాలి.

ఇంట్లోకి దిగిన రోజే బాత్‌రూముకు తలుపు లేదని తెలిసింది. గోడలున్నాయి, కుళాయిలున్నాయి, గుమ్మం ఉంది, తలుపు లేదు. "నాకిచ్చిన కాగితంలో ఐదు తలుపులే ఉన్నాయి సార్" అన్నాడు వడ్రంగి. మా ఆయన ప్లాను తెచ్చి నేల మీద పరిచారు. బాత్‌రూము గుమ్మం గీసిన చోట గుండ్రంగా మరక ఉంది. తలుపులు లెక్కపెట్టిన రోజు ఆరోది ఆయన టీ గ్లాసు కింద ఉండిపోయిందన్నమాట.

గుమ్మానికి దుప్పటి కట్టుకున్నాం. మా అత్తగారు లోపలికెళ్తే బయటికొచ్చేదాకా "నేనున్నాను, నేనున్నాను" అని అరుస్తూనే ఉండేవారు. రెండో రోజు మధ్యలో దగ్గొచ్చి ఆగారు. సరిగ్గా అప్పుడే వడ్రంగి కొలత తీసుకుందామని దుప్పటి ఎత్తాడు.

"ఒరేయ్, రేపు పొద్దున్నకి తలుపుండాలి. లేదంటే నేను స్నానం మానేస్తా" అన్నారావిడ కొడుకుతో.

కొత్త తలుపుకి ఎంతవుతుందో వడ్రంగి చెప్పాడు. మా ఆయనకి ఎస్టిమేట్ కింద గీసిన గీతలు గుర్తొచ్చినట్టున్నాయి.

"నీ గది తలుపు సరిగ్గా ఇదే కొలత. నువ్వింకా అందులోకి మారలేదుగా, నీది తర్వాత చేయిద్దాంలే" అన్నారు నాతో.

అత్తగారి అవస్థ చూసి సరేనన్నాను. అక్కడే తప్పు చేశాను. దారి దొరికాక ఆయన ఆగుతారా? హాలు పొడుగు, ఒక ఫ్యాను గాలి సగం దాకానే వస్తోందని నా గది ఫ్యాను అక్కడికి పోయింది. చీకట్లో బయటి మెట్ల మీద ఆయనే బోర్లా పడ్డారు, దాంతో నా గది లైటు మెట్ల మీదికి వెళ్లింది. వంటింట్లో గిన్నెలకి అరలు లేవని అప్పుడు కనిపెట్టాం. నేను దారాలు, గుడ్డలు పెట్టుకుందామని కొట్టించుకున్న చెక్కలు ఊడొచ్చాయి. కిటికీకి బిగించిన దోమతెర మాత్రం నేనే ఊడదీసి అత్తగారి గదికి ఇచ్చాను, కాబట్టి దాని గురించి గట్టిగా మాట్లాడలేను. రోజూ సాయంత్రం ఆయన ఫైలు తిరగేసి, "చూశావా, పైసా పెరగలేదు" అనేవారు. నాకు ఒళ్లు మండిపోయేది.

మేడమ్ సోమవారం పదింటికి వస్తానన్నారు. ఆదివారం మధ్యాహ్నం నా గదిలోకి వెళ్తే గోడ పక్కన ఎలక్ట్రీషియన్ కూర్చుని ఉన్నాడు. చేతిలో నా స్విచ్ బోర్డు ఉంది.

"నీళ్ల మోటారుకి బోర్డు రాసుకోలేదంటమ్మా. ఇది తీసి అక్కడ పెట్టమన్నారు సార్" అన్నాడు.

తీగలకి నల్ల టేపు చుట్టి వెళ్లిపోయాడు. నాది కరెంటు మిషను. తలుపు, ఫ్యాను, లైటు సరే, ఇప్పుడు మిషను తిరిగే దారి కూడా లేదు. ఆ ఉత్త గోడల మధ్య నిలబడితే ఏడుపొచ్చింది. పన్నెండేళ్లు పొయ్యి పక్కన కుట్టినా అంత ఏడుపు రాలేదు.

అత్తగారు వచ్చి చూశారు. తలెత్తి పైన ఉత్త కొక్కెం వైపు చూశారు.

"అమ్మాయ్, నీ ఫ్యాను ఎక్కడుంది?"

"హాల్లో, అత్తయ్యా."

"మరి ఇక్కడ నిలబడి ఏడుస్తావేం? పద, సోఫా అటు కొస పట్టుకో."

సాయంత్రం మా ఆయన ఇంటికొచ్చేసరికి హాలు మధ్యలో, ఫ్యాను కింద నా మిషను ఉంది. పక్కనే భోజనాల బల్ల మీద గుడ్డ పరిచి ఉంది. సోఫా, టీవీ, ఆయన ఫైలు చిన్న గదిలో ఉన్నాయి.

"ఇదేంటే?" అన్నారు నన్ను చూసి.

"పైసా ఖర్చు కాలేదురా" అన్నారు అత్తగారు.

ఆయన చిన్న గదిలోకి వెళ్లి ఫైలు తీసుకుని సోఫాలో కూర్చున్నారు.

మర్నాడు మోటారు బిగించేవాళ్లు వస్తారని ఆయన సెలవు పెట్టారు. మేడమ్ చెప్పిన టైముకే వచ్చారు. గుమ్మంలో ఆగి గట్టిగా గాలి పీల్చారు.

"బాగుంది. ఇంత పెద్ద గదా!" అన్నారు. తర్వాత ఆవిడ చూపు చిన్న గది మీద పడింది. తలుపు లేని ఆ గుమ్మంలోంచి మా ఆయన కనిపిస్తున్నారు. చొక్కా చెమటకి తడిసిపోయి, ఎస్టిమేట్ ఫైలుతో విసురుకుంటున్నారు.

"ఆయనెవరు?"

"లెక్కలు చూస్తారండీ."

"మంచిదే. జతకి ఎంత తీసుకుంటారు?"

పని ఎక్కడ చేజారుతుందోనన్న భయంతో పోయినేటి ధరే చెప్పాను. మేడమ్ తలూపబోతుంటే చిన్న గదిలోంచి "ఒక్క నిమిషం" అని వినిపించింది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"దానిమీద పది శాతం వేయాలండీ. ఊహించని ఖర్చులుంటాయి" అన్నారాయన.

"బట్టలు కుట్టడంలో ఊహించనివి ఏముంటాయండీ?"

ఆయన లేచి గుమ్మం దాకా వచ్చారు. జవాబు మేడమ్‌కే చెప్పారు కానీ నావైపు చూస్తూ చెప్పారు.

"ఏమొస్తాయో తెలిస్తే ముందే రాసుకునేవాణ్ణండీ. నాకే తెలీలేదు. కానీ వస్తాయి. వచ్చినప్పుడు పాపం, కుట్టే మనిషి చేతిలోంచే పోతాయి."

ఆయనకి అర్థమైందని నాకప్పుడు తెలిసింది. కళ్లు చెమర్చాయి, గుడ్డ సర్దుతున్నట్టు తల దించుకున్నాను. మేడమ్ మాత్రం ఐదు శాతం దగ్గర మొదలుపెట్టారు. ఏడు దగ్గర బేరం తెగింది.

అడ్వాన్సు అందగానే ఆయన గదికి ఫ్యాను, లైటు, స్విచ్ బోర్డు కొన్నాను. తలుపు మాత్రం పెట్టించలేదు. కుడుతూ తలెత్తితే ఎదురుగా ఆయన కనిపిస్తారు, అది నాకు బాగుంది. ఆ మాట ఆయనతో అనలేదు. తలుపుకి డబ్బు చాలలేదని చెప్పాను.