అక్క నోరు మెదపలేదు

"ఏమక్కా, పొద్దున మాత్ర వేసుకున్నావా?"

రేవులో నలుగురూ చేరి ఉన్నప్పుడే లిండన్ క్రోవెల్ ఈ మాట అడిగేవాడు. ఎర కుళ్లిపోయిందని రోవీనా గొంతు పెంచినా, తన సామాను మీద ఎవడో వేట బోనులు పేర్చాడని తగువు పెట్టుకున్నా, ఆఖరికి కాస్త గట్టిగా నవ్వినా సరే, తమ్ముడి దగ్గర సమాధానం అదొక్కటే. రేవంతా ఘొల్లుమనేది. ఆమె ఏమన్నా అది జబ్బు మాటే అనుకునేవారు. ఆరేళ్లుగా రోవీనాకి ఒక్క మామూలు కోపం కూడా మిగల్లేదు.

అంతకు ముందు గల్ హార్బర్‌లో ఆమె మాటకి తిరుగు లేదు. తండ్రి పోతూ పోతూ 'ఎడ్నా' బోటుని అక్కాతమ్ముళ్లిద్దరి పేరా రాసినా, చుక్కాని పట్టింది రోవీనాయే. ముందు మనిషి కనపడని పొగమంచులో కూడా రాళ్ల మధ్య నుంచి లాబ్‌స్టర్ రొయ్యల బోనులు ఎత్తుకొచ్చే ఆడమనిషి కెనడాలోని ఆ నోవా స్కోషియా తీరంలో ఆమె ఒక్కతే.

ఒక చలికాలం ఆమెకి దిగులు పట్టుకుంది. తిండి సయించలేదు, మంచం దిగబుద్ధి కాలేదు. ఊళ్లో క్లినిక్ డాక్టరు దిగులు తగ్గడానికి మాత్ర రాసిచ్చాడు. నెల తిరక్కుండానే లేచి కూర్చుంది. కూర్చుని ఆగిందా అంటే ఆగలేదు. నిద్ర అక్కర్లేకపోయింది. మాట వెనక మాట తోసుకొచ్చేది. గడ్డకట్టే చలిలో బోటుకి ఎర్రరంగు పూసింది. రేవులో అందరికీ కొత్త ఇంజన్లు కొనిపెడతానంది. చివరికి ఒకనాడు తుఫాను గాలిలో ఒంటరిగా సముద్రం మీదికి పోతే, తీరరక్షక దళం వాళ్లు తాడు కట్టి లాక్కొచ్చారు.

పెద్దాసుపత్రిలో డాక్టర్ సురెట్ అనే ఆవిడ ఆ జబ్బు పేరు చెప్పింది. బైపోలార్. కొన్నాళ్లు పాతాళానికి తోసి, కొన్నాళ్లు ఆకాశానికి ఎగరేసే జబ్బు.

"నీలాంటివాళ్లకి ఉత్త దిగులు మాత్ర ఒక్కటే ఇస్తే ఇలాగే అవుతుందమ్మా. మనిషిని పైకి తెస్తుంది గానీ ఎక్కడ ఆపాలో దానికి తెలీదు. ఇది రక్తంలో నడిచే జబ్బు. మీ ఇంట్లో రేపు ఇంకెవరికైనా దిగులొస్తే, మందు మొదలెట్టకముందే నీ సంగతి డాక్టరుకి చెప్పండి" అంది ఆవిడ. ఆ మాట రోవీనా మనసులో అచ్చు గుద్దినట్టు నిలిచిపోయింది.

అదే ఆసుపత్రిలో, మొదటి వారంలో, గట్టి ఇంజెక్షన్ల మత్తుకి నాలుక మందమెక్కి ఆమె రెప్పలు ఎత్తలేకుండా ఉన్నప్పుడు, లిండన్ లాయరు అట్‌కిన్సన్‌ని వెంటపెట్టుకుని వచ్చాడు.

"బోటు ఊరికే కట్టేసి ఉంచితే పాడైపోతుందక్కా. నా పేరు మీద నడిపిస్తా. ఇక్కడొక గీత గియ్యి చాలు."

ఆమె గీసింది. గడ్డం మీదికి కారిన చొంగని తమ్ముడే తన చేతిరుమాలుతో తుడిచాడు. ఇంటికొచ్చాక బోటు సంగతి అడిగితే, "నువ్వే ఇచ్చావుగా, మర్చిపోయావా?" అన్నాడు. లాయరు కూడా అదే మాటన్నాడు.

డాక్టర్ సురెట్ రాసిన లిథియం మాత్ర ఆమెని నిలబెట్టింది. దానికీ ఓ మూల్యం ఉంది. వేళ్లు సన్నగా వణికేవి, ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరేది కాదు, నోట్లో ఇనుము నాకినట్టుండేది, ఒళ్లు వచ్చింది. రక్తపరీక్షకి రమ్మన్నప్పుడల్లా వెళ్లింది, ఒక్క పూట మాత్ర మానలేదు. అయినా పిచ్చిదానికి చుక్కాని ఎవరిస్తారు? రేవు పక్కన షెడ్డులో కూర్చుని ఊళ్లోవాళ్ల బోనులకి చిరిగిన వలలు అల్లుతూ, 'ఎడ్నా' వెళ్లడం, రావడం చూస్తూ బతికింది. రోజూ చూస్తే పగ మొద్దుబారుతుందంటారే, ఆమె విషయంలో అలా జరగలేదు. పట్టుకుంటే చెయ్యి తెగేలా తయారైంది.

ఆ ఏడు ఎండాకాలం చివర్లో లిండన్ భార్య గ్లెండా షెడ్డు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆరేళ్లలో ఆమె ఆ గడప తొక్కడం అదే మొదలు.

"వదినా, ఆయన మంచం దిగట్లేదు. తెల్లారకముందే మెలకువొచ్చేస్తోంది, గోడకేసి చూస్తూ పడుకుంటాడు. చేపల పులుసు వండిపెడితే నాలుగు రోజులు అలాగే ఉంది. మొన్న ట్రక్కులో కూర్చుని ఏడుస్తున్నాడు. ఎందుకని అడిగితే నేను దేనికీ పనికిరాను అంటాడు."

రోవీనా చేతిలో సూది ఆగింది. ఆమెకి కలిగింది జాలి కాదు. ఎండలో కూర్చుంటే ఒంట్లోకి దిగే వెచ్చదనం లాంటిదేదో కలిగింది.

"డాక్టరుకి చూపించావా?"

"నిన్న క్లినిక్కి తీసుకెళ్లా. ఎవరో కొత్త డాక్టరు, మాత్ర రాశారు, దిగులుకి. మీ ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బులున్నాయా అనడిగారు. మా వంశంలో అలాంటివాళ్లు లేరన్నాడు." గ్లెండా తల దించుకుంది. "నేను చెప్పబోతే చెయ్యి గిల్లాడు వదినా. చెప్పమంటావా?"

చెప్పమని ఒక్క మాట అంటే సరిపోయేది. మాత్ర ఇంకా కడుపులో కరిగి కూడా ఉండదు. మా వంశంలో అలాంటివాళ్లు లేరు. రోవీనా ఆ మాటని నోట్లో వేసుకుని నమిలింది.

"మొగుడు చెప్పొద్దన్నాక నువ్వెందుకు చెప్పడం? వేసుకోనీ. లేచి తిరుగుతాడులే" అంది. సూది మళ్లీ కదిలింది.

లేచి తిరిగాడు. ఆకులు రంగు మారే వేళకి లిండన్ రేవంతా తనే అయ్యాడు. అందరూ మెచ్చుకున్నారు, పూర్తిగా కోలుకున్నాడన్నారు. రోవీనా మాత్రం షెడ్డు కిటికీలోంచి ఒక్కో గుర్తూ చూసి లోలోపల తలాడించేది. రెండు గంటలు పడుకుంటే చాలంటున్నాడు. ఎదుటివాడు సగంలో ఉండగానే మాట లాక్కుంటున్నాడు. ఒకటి చాలక రెండో ట్రక్కు తెచ్చాడు, గుట్టలకొద్దీ కొత్త బోనులు దింపించాడు. చర్చిలో పాస్టరు ప్రసంగం మధ్యలో లేచి, తీరంలో లాబ్‌స్టర్లన్నీ తనతో మాట్లాడుతున్నాయని కాదు గానీ దాదాపు అంతేనని చెప్పాడు. ఆ దారి ఆమె నడిచిన దారే. తర్వాతి మలుపేమిటో ఆమెకి తెలుసు. ఆ మలుపు దగ్గర మనిషి చచ్చిపోవచ్చనీ తెలుసు. తెలిసే ఊరుకుంది.

ఒకరోజు మధ్యాహ్నం అతను రేవులో పీపా ఎక్కి పాట అందుకున్నాడు. రోవీనా వల పక్కన పెట్టి గుమ్మంలోకొచ్చింది.

"ఒరేయ్ లిండన్! పొద్దున మాత్ర వేసుకున్నావా?"

రేవు ఘొల్లుమంది. లిండన్ కూడా నవ్వాడు, అందరికంటే గట్టిగా. దిగి పరుగున వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్లు తళతళలాడుతున్నాయి.

"అక్కా, నీకు అన్యాయం చేశానే! ఇవాళ పొద్దున అంతా ఒక్కసారి కనిపించింది. బోటు నీదే. సగం కాదు, మొత్తం. నాకెందుకు? నేను పది బోట్లు కొంటున్నా, ఇరవై! పద, అట్‌కిన్సన్ దగ్గరికి పోదాం. ఇప్పుడే!"

ఆమె వేళ్లకి అతని నాడి పరుగు తెలుస్తోంది. ఇది తమ్ముడి పశ్చాత్తాపం కాదు, జబ్బు చేస్తున్న దానం. ఆ తేడా ఊరంతటిలో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ఆమెకి డాక్టర్ సురెట్ ఫోన్ నంబరు కంఠతా వచ్చు.

"పద" అంది రోవీనా, కోటు తీసుకుంటూ.

అట్‌కిన్సన్ కళ్లజోడు సర్దుకుని, "బాగా ఆలోచించుకున్నావా లిండన్?" అనడిగాడు. "నా జీవితంలో ఇంత స్పష్టంగా ఎప్పుడూ ఆలోచించలేదు" అన్నాడు లిండన్. నిజమే, అతనికి అలాగే ఉంటుంది. సంతకం చాలా అందంగా, పెద్దగా పెట్టాడు. రోవీనా కాగితాలు కోటు లోపలి జేబులో పెట్టుకుని, తమ్ముడిని ట్రక్కులో కూర్చోబెట్టి, ఇంటివైపు కాకుండా తిన్నగా పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. దారంతా అతను ఆగకుండా మాట్లాడాడు. తలుపు తియ్యనివ్వకపోయేసరికి బూతులు తిట్టాడు.

డాక్టర్ సురెట్ జుట్టు నెరిసింది. అంతా విని, "ఆ దిగులు మాత్ర ఆపేద్దాం. నిద్రకి, ఈ ఉద్రేకం దిగడానికి మందిచ్చి లిథియం మొదలెడదాం. నీకు పనిచేసిందిగా, తమ్ముడికీ పనిచేసే అవకాశం ఎక్కువ" అంది. తర్వాత కాసేపు రోవీనా ముఖంలోకి చూసింది. "అతను ఆ మాత్ర వేసుకుంటున్నట్టు నీకెప్పుడు తెలిసింది?"

"ఇవాళే" అంది రోవీనా.

డాక్టర్ నమ్మలేదు. మందుల చీటీ అందుకుంది.

లిండన్ వార్డులో చేరి పది రోజులు గడిచాక గ్లెండా షెడ్డు మీదికొచ్చి పడింది. "ఒంటి మీద తెలివిలేనివాడి చేత సంతకం పెట్టించుకుంటావా వదినా? నీకు సిగ్గనేది ఉందా? కోర్టుకి లాగుతా!"

"లాగవే. ఇద్దరి సంతకాలూ ఒకేసారి తేలిపోతాయి. నాది ఎలా పెట్టించాడో జడ్జీ ముందు నేనూ చెప్తా. అట్‌కిన్సన్ కూడా రెండూ చూసినవాడేగా, పిలిపించు ఆయన్ని."

గ్లెండా వెనుదిరిగింది. పోతూ గుమ్మంలో ఆగి, చాలా మెల్లగా అడిగింది. "ఆ రోజు నేను అడిగినప్పుడు నీకు తెలుసు కదూ?"

రోవీనా వల అల్లుతూనే ఉంది. రేవంతా తిట్టినా ఆమెకి లెక్కలేదు గానీ, ఈ ఒక్క ప్రశ్న మాత్రం చాలా రోజులు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. తమ్ముడు సముద్రం మీదికి పోయి ఉంటే? పోలేదు. అది తన గొప్పతనం కాదని ఆమెకి తెలుసు.

నవంబరు చివర వేట మొదలైన రోజు 'ఎడ్నా' చుక్కాని దగ్గర రోవీనా నిలబడింది. వేళ్లు వణుకుతూనే ఉన్నాయి, బోటు మాత్రం గీత గీసినట్టు పోయింది. ఒక్కడూ నవ్వలేదు.

లిండన్ కొత్త సంవత్సరం వచ్చాక పనికోసం వచ్చాడు. బాగా చిక్కాడు, మాట నిదానమైంది. అతని చేతులూ వణుకుతున్నాయి. రేవులో ఇంకెవరూ అతనికి పనివ్వలేదు. రోవీనా బోటు వెనక భాగం చూపించింది, ఎర గుచ్చే చోటు.

"చెమట పడితే మందు రక్తంలో ఎక్కువైపోతుంది. దాహమైనా కాకపోయినా నీళ్లు తాగుతుండాలి. వాంతులైతే, తూలితే దాచకుండా చెప్పు. రక్తపరీక్ష రోజు వేటుండదు నీకు."

"సరే." బక్కెట్టు దగ్గర కూర్చుని చాలాసేపు హెర్రింగు చేప ముక్కలు కొక్కేనికి గుచ్చాడు. రాళ్లు దాటి నీళ్లు నల్లబడ్డాక అడిగాడు. "అక్కా, నువ్వు ఆ మత్తులో ఉన్నప్పుడు నేనేం చేశానో నాకిప్పుడు... నన్ను క్షమించావా?"

రోవీనా మొదటి బోను తాడుని కొక్కెంతో అందుకుంది.

"లేదు" అంది. "ఎర ఇటివ్వు."