మామ పెట్టిన వాలు

"రమ కత్తి ఎనక్కి తెచ్చింది చూడు. పిడి బాగలేదంట" అన్నాడు మౌనేశ్వరాచారి, తిన్న పళ్లెంలోనే చెయ్యి కడుక్కుంటూ.

అంజనమ్మ ఇంకా తినలేదు. సంగటి గిన్నెలోనే ఉంది. ఆ మాటతో ఆకలి చచ్చిపోయింది. ఆమె పిడి వేసిన కత్తి ఇంతవరకు ఒక్కటీ తిరిగొచ్చింది లేదు. పరిగి నుంచి, నల్లమాడ నుంచి వెతుక్కుంటూ వచ్చి చేయించుకుపోయేవాళ్లున్నారు. అలాంటిది పోయినేడు సొంత ఆడబిడ్డ పెళ్లికి మనసుపెట్టి చేసిన వంటింటి కత్తి తిరిగిరావడమా!

గడపలో కూర్చుని వక్కాకు నములుతున్న అత్త వెంకటసుబ్బమ్మ వెంటనే అందుకుంది. "ఊరోళ్లకు చేసేటప్పుడు ఉండే శ్రద్ధ ఆడబిడ్డకు చేసేటప్పుడు యాడికి పోయిందో! ఆ పొద్దే చెప్తి, మన ఇంటి వాలు పెట్టు మే అని. ఇన్నిందా?"

రమ స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. కుడిచెయ్యి కొంగులో చుట్టుకుంది. "కత్తి చేతిలో నుంచి జారిపోతాంది వదినా. కమ్మరోళ్ల బిడ్డవి, ఒక కత్తి పట్టను రాదా అని మా అత్త ఒకటే సాధింపు. పుట్టింటికి పోయి సరిచేయించుకొని రా పో అని పంపిచ్చినారు" అంది నేల చూస్తూ.

"సాయంత్రం ప్యాసింజరుకు నేనే ధర్మవరంలో దిగబెట్టొస్తా. శివకృష్ణ పక్కంగడికి ఫోన్ చేసి చెప్పినాడు, పొద్దుగూకేలోగా పెండ్లాం ఇంట్లో ఉండాల్నంట. ఆలోగా ఆ పిడి సంగతి చూడు" అని మౌనేశ్వరాచారి బీడీ వెలిగించుకుని బయటికి పోయాడు.

పెనుకొండ బస్టాండులో దిగి కత్తులాచారి ఇల్లెక్కడ అంటే చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. కత్తులామె ఇల్లెక్కడ అని అడిగినవాళ్లు లేరు. ఇనుము సాగగొట్టేది ఆయనే, కాదనడానికి లేదు. మరి ఆ ఇనుము ఎర్రబడేదాకా తిత్తి లాగేది ఎవరు? ఆయన చూపించిన చోట సమ్మెట వేసేది ఎవరు? కూతురు కడుపులో ఉండి నెలలు నిండినప్పుడు కూడా వేసింది. అప్పుడు అత్త, "కొలిమి కాడ మగోడు కాలతాండాడు, నీకేం మే, నీడలో నిలబడేదానికి" అంది. ఇనుమొక్కటే పాత లారీ కమానులది. తక్కినవన్నీ కొండా వంకా ఇచ్చేవే. కొండకింద ఎండిపడిన చింతకొమ్మలు ఏరి చేవ చూసి కోసేదీ, బర్రెకొమ్ము ఉడకబెట్టి వంచేదీ, వంకలో దిగి సానరాయి వెతికేదీ, లక్క కరిగించి పిడిలో పోసేదీ, కానుగనూనె పట్టించి మెరుగు తెచ్చేదీ అంజనమ్మే. బెంగుళూరు నుంచి కార్లలో వచ్చినవాళ్లు ఆ పిడి నిమిరి ఆహా అంటే మౌనేశ్వరాచారి మీసం దువ్వుకుంటాడు. "నాదేముంది సార్, అంతా మా నాయన పనితనం" అంటాడు. టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డ ఆమెను చూసి ఈమె ఎవరని అడిగితే, "ఇంట్లో ఆమె. పిడి తొడుగుతాది, అంతే" అంటాడు. సొమ్మొకడిది, సోకొకడిది.

ఆ 'అంతే'లోనే ఉంది సంగతంతా. అంజనమ్మ చేసిన కత్తి ఒక్క చేతికే కుదురుతుంది. కత్తి కావాలని వచ్చినవాళ్ల చేతిలో మొదట వంక బంకమన్ను ముద్ద పెడుతుంది. "బావికాడ చేంతాడు పట్టినట్టు పట్టు" అంటుంది. వేళ్లు దిగిన ఆ ముద్దను ఆరబెట్టి, దాన్ని చూస్తూ పిడి చెక్కుతుంది. కొలిమి పందిట్లో ఆమె గూటినిండా అలాంటి మన్ను పిడికిళ్లే. ఊళ్లో సగం ఆడవాళ్ల చేతులు ఆ గూట్లో ఉన్నాయి. కాని పిడి చివర మాత్రం అందరికీ ఒకటే తీరు. ఆమె కాపురానికి వచ్చేనాటికే మామ పోయాడు. ఆయన చేసిన కత్తి ఒకటి అత్త చేతిలో ఉండేది. దాని పిడి చివరికి వచ్చేసరికి సన్నబడి లోపలికి వాలిపోతుంది. చివరి రెండు వేళ్లకు అక్కడ పట్టే ఉండదు, ఊరికే అలా ఆని ఉంటాయి. కొత్తకోడలు దాన్ని తిప్పితిప్పి చూసి ముచ్చటపడింది. చూసిచూసి నేర్చుకుంది. ఇంటి వాలు అని ఊళ్లో పేరుపడింది కూడా. రమ ఒక్కతే వద్దంది. "నాకు నిండుగా చెయ్యి వదినా, ఒక్క వేలూ గాల్లో ఏలాడకూడదు" అని నవ్వుతూ మన్ను పట్టింది. చేసిపెట్టింది అంజనమ్మ, అత్త సణుగుతున్నా సరే.

ఆ పిడికిలి ఇప్పుడు గూట్లోంచి తీసింది. కత్తి పక్కన పెట్టి చూసింది. తేడా లేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది ఈ ధర్మవరం వాళ్ల వ్యవహారం అనుకుంది.

"రమా, ఇట్లా రా. ఇంకోసారి మన్ను పట్టు."

రమ ఎడమచెయ్యి చాపింది.

"అది కాదు. కుడిచెయ్యి."

కొంగులోంచి ఆ చెయ్యి బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. రమ మన్ను పట్టి వదిలింది. అంజనమ్మ పాతదీ కొత్తదీ ఇనుము పెట్టి కొట్టే దాగలి మీద పక్కపక్కన పెట్టింది. పాతదాంట్లో ఐదు వేళ్లూ లోతుగా దిగి ఉన్నాయి, చిటికెన వేలి గోటి గుర్తు కూడా పడింది. కొత్తదాంట్లో బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు. ఆ తర్వాత మన్ను నున్నగా ఉంది.

"ఏళ్లు మడువు" అంది అంజనమ్మ.

"మడిస్తి కదా వదినా."

ఆ రెండు వేళ్లూ మడతపడలేదు. చిటికెన వేలి కింద, చేతివెన్ను మీద ఎముక వంకరగా అతుక్కుని బొడిపె కట్టి ఉంది.

"ఏమాయె ఇది?"

"రోకలి పడె."

రోకలి పడితే కాలిమీద పడుతుంది, చేతివెన్ను మీద ఎందుకు పడుతుంది? అంజనమ్మ ఆ మాట అనలేదు. పని చేసుకుంటూ అడుగుదామని పిడి ఊడగొట్టడానికి కొయ్యసుత్తి ఎత్తింది. ఎత్తిందో లేదో రమ చెయ్యి చటుక్కున లేచి మొహానికి అడ్డం పోయింది. అరచెయ్యి లోపలికి, చేతివెన్ను బయటికి. ఆ బొడిపె సరిగ్గా సుత్తికి ఎదురుగా నిలిచింది.

సుత్తి గాల్లోనే ఆగిపోయింది. సమ్మెట మోసే చేతులవి, కొయ్యసుత్తి దించడానికి బలం చాల్లేదు.

"నిన్ను కాదు రమా, పిడిని" అంది.

"తెలుసు వదినా. చెయ్యి దానంతటదే లేస్తాది."

"ఏంటితో కొట్టినాడు?"

రమ పందిరి గుంజ వైపు చూసింది. ఆమె అత్తింటివాళ్లది మగ్గాలకు కొయ్యసామాను చేసే ఇల్లు. "మగ్గం కొయ్యతో. అన్నం మెత్తగాయెనని."

"ఎన్నిసార్లు కొట్టినాడే?"

"ఇరిగింది ఒక్కసారే వదినా" అంది రమ, మొగుణ్ణి వెనకేసుకొస్తున్నట్టు.

వెనక అలికిడైంది. వెంకటసుబ్బమ్మ పందిట్లోకి వచ్చి నిలబడి ఉంది. అంతా విన్నది. కూతురి చెయ్యి వైపు ఒకసారి చూసి మొహం తిప్పుకుంది. "అయిందేదో అయింది. ఇంటి గుట్టు లంకకు చేటు, ఊరందరికీ దండోరా వెయ్యొద్దండి. పిడి మార్చు మే. మూడు వేళ్లకు పట్టేట్టు మన ఇంటి వాలు పెట్టు. కత్తి జారకుంటే మాట పడదు, మాట పడకుంటే దెబ్బ పడదు. నేను చేసుకోలేదా ఇన్నేళ్లు?"

అంజనమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అత్త చెయ్యి వైపు చూసింది. మూడు వేళ్లకు పట్టేట్టు. నేను చేసుకోలేదా. అత్త వేలెత్తి కసిరినప్పుడల్లా చివరి రెండు వేళ్లు బిగుసుకుని నిలబడేవి. వాతం అనేవాళ్లు ఇంట్లో. అవునుకాబోలు అనుకుంది ఇన్నేళ్లూ. అంజనమ్మ వంటింట్లోకి పోయి ఆ పాత కత్తి తెచ్చింది, ఇంకో మన్ను ముద్ద తీసుకుంది.

"అత్తా, పట్టు."

"నాకెందుకు మే, ముసిల్దానికి!"

"పట్టు అత్తా."

వెంకటసుబ్బమ్మ మన్ను పట్టింది. అంజనమ్మ ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని మెల్లగా విప్పింది. ఆ చేతినలా పట్టుకుని చూసినవాళ్లు ఇంతకాలం ఎవరూ లేరు. బొడిపె అక్కడే ఉంది, పాతబడి చర్మం కింద రాయైపోయింది. మన్నులో మూడు వేళ్ల గుర్తులే ఉన్నాయి. ఆ ముద్దను కూడా దాగలి మీద పెట్టింది.

"మామేనా?"

వెంకటసుబ్బమ్మ వక్కాకు ఉమ్మేసింది. "మీ మామే ఇరగ్గొట్టె. మీ మామే పిడి చేసిచ్చె. చేతి సంగతి ఎవురూ అడగలేదు మే. పిడిని మాత్రం ఊరంతా మెచ్చుకొనిరి."

అంజనమ్మ ఆ పాత కత్తిని చేతిలోకి తీసుకుంది. ముచ్చటపడింది తను! తిప్పితిప్పి చూసి, ఎంత పనిమంతుడో మా మామ అనుకుంది. ఆ వాలు రాత్రింబగళ్లు సాధన చేసి, ఐదు వేళ్లూ నిండుగా ఉన్న ఆడవాళ్లందరికీ చెక్కిచ్చింది. మన్నులో వాళ్ల చిటికెన వేలు కనపడుతూనే ఉంది, అయినా పిడిలో దానికి చోటు తీసేసింది. పరిగిలో, నల్లమాడలో, ఈ వీధి వీధంతా, ఒక విరిగిన చేతికి చేసిన పిడిని పట్టుకుని వంటలు చేస్తున్నారు, ఎంత అందమో అనుకుంటూ. ఇప్పుడు రమకు కూడా చెక్కాలి. రేపు తన కూతురికీ చెక్కుతుందేమో. ఆమెకు తన చేతుల మీదే అసహ్యం పుట్టింది, ఆ వెంటనే కోపం వచ్చింది. అది చేతుల మీద కాదు.

"పిడి అయిందా? బండికి టైమైతాంది" అంటూ మౌనేశ్వరాచారి వచ్చాడు.

"పిడి మార్చను. కత్తికేం కాలేదు. నీ చెల్లెలి చెయ్యి ఇరగ్గొట్టినాడు శివకృష్ణ. రమ యాడికీ పోదు. రేపు హిందూపురం ఆసుపత్రికి తీసుకపోతా."

అతను చెల్లెలి వైపు చూశాడు, చూపు తిప్పుకున్నాడు. "ఏదో కోపంలో ఒక దెబ్బ వేసింటాడు. అంతమాత్రానికి ఇంట్లో కూచోబెట్టుకుంటారా? అయినా చెప్పేకి నువ్వెవరే? పిడి తొడిగేదానివి."

"తొడిగేదాన్నే. రమను ఆ బండి ఎక్కిస్తే ఇంక తొడగను. తిత్తి లాగను, సమ్మెట ముట్టను. నువ్వూ మీ నాయన పనితనమూ చేసుకోండి."

మౌనేశ్వరాచారి నవ్వబోయాడు. కొలిమిలో బొగ్గులను బూడిద కమ్ముతోంది. అంజనమ్మ తిత్తి తాడు వైపు చూడను కూడా లేదు. అతని నవ్వు సగంలోనే పోయింది. "అమ్మా, ఇంటాండావా దీని మాటలు? నాయన కాలం నుంచి ఈ కొలిమి ఆరింది లేదు. నువ్వన్నా బుద్ధి చెప్పు!"

వెంకటసుబ్బమ్మ దాగలి మీది పచ్చి పిడికిళ్లలో ఒకదాన్ని తీసి కొడుకు చేతిలో పెట్టింది. అలవాటు కొద్దీ అతను దాన్ని వెలుగుకు తిప్పి చూశాడు.

"ఎవురిదిది? రెండు వేళ్లు పడనే లేదే?"

"నాదే అబ్బీ" అంది వెంకటసుబ్బమ్మ. "వచ్చినోళ్లందరికీ చెప్తాంటివే, మా నాయన పనితనం అని. ఇదే అది. సరిగ్గా చూడు."